పాలతో మింగిన మాత్ర

వీధిలో అతన్ని పాలగ్లాసు అంటారు. తలనొప్పన్నా, నిద్ర పట్టదన్నా, అత్తగారితో గొడవన్నా అతని వైద్యం ఒకటే: "వేడిగా ఓ గ్లాసు పాలు తాగు." ఆవుల పాకలో పుట్టి పెరిగినవాడికి అంతకు మించిన మందుంటుందని తోచదు.

అలాంటివాడు ఆ వారం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మోచేతి మీది గాయం చీము పట్టింది. డాక్టరు టెట్రాసైక్లిన్ మాత్రలు రాసి నీళ్లతో వేసుకోమన్నాడు. ఎన్ని మింగినా సలుపు తగ్గదు. జ్వరంతో పడుకున్న ఎర్రావు మాత్రం ఆ జాతి మందే ఇంజెక్షన్ చేస్తే లేచి మేత ముట్టింది. ఇప్పుడేమో చిన్నకూతురికి గొంతు వాచి ఒళ్లు కాలిపోతోంది.

పాకలో ఆవుమందు సగం సీసా మిగిలింది. అక్కడికి వెళ్తాడు, వెనక్కి వస్తాడు, పిల్ల నుదురు తాకి చూస్తాడు. చివరికి సీసా జేబులో వేసుకుని లోపలికొచ్చాడు.

"ఏంటయ్యా అది?" అంది భార్య.

"ఎర్రావు మందే. మనుషుల మందులో పస లేదు. పిల్లకి నాలుగు చుక్కలు పాలల్లో కలిపి..."

"నీ బుర్ర గడ్డి మేసిందా? పాలల్లోకి మందు దిగుతుందని ఎర్రావు పాలు పారబోస్తున్నావు. ఊళ్లో పిల్లలకి చుక్క పడకూడదు, మన పిల్లకి సీసాడు పోస్తావా?"

ఆవుని చూడటానికొచ్చిన పశువుల డాక్టరమ్మ ఆ కేకలకి గుమ్మంలోనే ఆగిపోయింది. సంగతి విని, సీసా లాక్కుంది.

"పసిదానికి ఈ మందు పడితే వచ్చే పళ్లకి మరకలు పడి ఉండిపోతాయన్నా! పైగా ఇది ఆవు కోసం చేసింది. ఇంతకీ నీ మాత్ర దేంతో మింగుతున్నావు?"

"పాలతోనే. నీళ్లలో ఏముందమ్మా?"

"అదీ సంగతి! పాలలో కాల్షియం ఆ మందుని పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కనివ్వదు. వెళ్లి మీ డాక్టరుకి చెప్పు. ముందు పిల్లని తీసుకెళ్లు."

అతను పిల్లని ఎత్తుకుని, చెప్పులు మర్చిపోయి పరుగెత్తాడు.

పిల్లల డాక్టరు గొంతు చూసి వేరే మందు రాశాడు. తగ్గిపోతుంది గానీ, మధ్యలో మానొద్దన్నాడు.

"దేంతో పట్టాలండీ?" అని అడిగాడతను. జవాబు వినేలోపే మళ్లీ అడిగాడు.

"దేంతోనైనా పర్లేదు. పాలతోనైనా సరే."

ఆ మాట అతనికి రుచించలేదు. ఇంటికొచ్చి పిల్లకి మందు పట్టాడు. పొయ్యి మీది పాలగిన్నె వైపు చూడకుండా మందు మీద తాగించడానికి గ్లాసుతో నీళ్లు ముంచాడు.