అక్క కొలత

మా వీధిలో సగంమంది ఒంటి కొలతలు మా అక్క నోటికి చెప్పగలిగేది. తన కొలత మాత్రం ఎవరికీ చెప్పలేదు. తనకైనా తెలుసునో లేదో. తన బట్టలు కుట్టుకోవాలంటే పాతవాటిని బల్లమీద పరిచి, అంచు వెంబడి సుద్దతో గీత గీసేది. ఒళ్ళు పెరిగిందనిపిస్తే ఆ గీతను రెండు వేళ్ళు బయటికి జరిపేది. అంతే, టేపు జోలికి పోయేది కాదు.

మా ముందుగదే ఆమె కుట్టు దుకాణం. వచ్చినవాళ్ళు చూసుకోవడానికి గోడకి నిలువెత్తు అద్దం ఉండేది. అక్క మాత్రం దానికి వీపు పెట్టి మిషను ముందు కూర్చునేది. బళ్ళో ఆమెను ‘బస్తా’ అనేవాళ్ళు. పెద్దయ్యాక ఎవరూ అనకపోయినా, ఎవరైనా అనేలోపు తనే అనేసుకునేది. కుర్చీలో కూర్చుంటూ, “బస్తా దిగింది, కాస్త జరగండర్రా” అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, చాలా ఏళ్ళు.

యాభై దాటాక ఆమెకు బొడ్డు దగ్గర వాపొచ్చింది. నవ్వొచ్చినప్పుడల్లా చేత్తో అదిమి పట్టుకునేది. హెర్నియా అన్నారు. ఆపరేషన్ చేయించుకోకపోతే పేగు అందులో ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందన్నారు. నేనే ఆసుపత్రిలో దింపి వచ్చాను. నేను ఇల్లు చేరి చెప్పులు విప్పేలోపే అక్క వెనకాలే తిరిగొచ్చింది.

“ఏమైందే?”

“బరువు చూసే మిషను ఎక్కమందిరా నర్సు. నా వెనక బారెడు వరస. అంకె పైకి చదువుతోంది ఆవిడ, రైల్వే స్టేషన్లో రైళ్ళ పేర్లు చదివినట్టు!”

మా ఆవిడ ఊరుకోలేదు. “అంకెకి సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా వదినా?”

“నీకేమే, చీపురుపుల్లవి. నువ్వెక్కితే ముల్లు నిద్ర కూడా లేవదు.”

ఆ మాటతో నవ్వించి తప్పించుకుంది. వాపు మాత్రం పెరుగుతూనే ఉంది.

అదే ఆసుపత్రిలో కణాలను పెంచే గది ఒకటుండేది. అక్కడివాళ్ళ తెల్లకోట్లు అక్కే కుట్టేది. చేతి అంచు కణాలున్న గిన్నెలకు తగలకుండా మణికట్టు దగ్గర ఎలాస్టిక్ బిగించాలి. ఆ పనిమీద ఒక డాక్టరమ్మ వచ్చేది. కోటు డాక్టరమ్మ అనేవాళ్ళం. మనిషి మంచిదే, మాటకి ముందూ వెనకా చూసుకోదు. ఆపరేషన్ సంగతి వినగానే ఆమె కళ్ళు మెరిశాయి.

“అక్కయ్యా, అందులో కాస్త కొవ్వు తీస్తారు. ఎలాగూ పారేసేదే. మాకివ్వరా?”

మిషను ఆగిపోయింది.

“ఇన్నాళ్ళూ నవ్వింది చాలక, సీసాలో పోసుకుని నవ్వుతారా?” అని అక్క కోటు విసిరేసింది. ఒక చెయ్యి బిగుతుగా, ఒక చెయ్యి వదులుగా ఉన్న కోటుతో ఆమె వెళ్ళిపోయింది.

రెండో చెయ్యి వంకతో మర్నాడే మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చుని నెమ్మదిగా చెప్పింది. కొవ్వులో మూలకణాలుంటాయట. గాయాలు మాన్పడానికి అవి పనికొస్తాయేమో చూస్తున్నారట.

“గిన్నెలో పెంచితే అడుగుకి అతుక్కుని పల్చగా పరుచుకుంటాయి. ఒంట్లో అలా ఉండవుగా! అందుకని కణాలున్న ద్రవాన్ని గిన్నె మూత లోపలివైపు చుక్కలుగా వేలాడదీస్తాం. అతుక్కోవడానికి ఏమీ దొరక్క, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కడతాయి.”

“అంటే, బల్లమీద పరిచిన గుడ్డకీ ఒంటిమీది గుడ్డకీ ఉన్న తేడా.”

“అదే అనుకోండి.”

“పల్చటివాటికంటే గుండ్రటివే బాగా పనిచేస్తాయంటావు?”

“మేం చూసినంతవరకూ అంతే.”

అక్క మా ఆవిడవైపు తిరిగింది. “విన్నావా, పుల్లా?”

“మీవి కట్టకపోవచ్చు కూడా అక్కయ్యా. ముందే చెప్పలేం” అంది డాక్టరమ్మ.

అక్క దారం కండె పక్కన పెట్టింది. “ఇస్తా. కానీ బరువు చూసేటప్పుడు తలుపు మూయాలి, అంకె పైకి చదవకూడదు. కట్టిందో లేదో నాకు చూపించాలి.”

ఆపరేషన్ రోజు బరువు చూసే గది తలుపుకి డాక్టరమ్మే అడ్డంగా నిలబడింది. ఆపరేషన్ బాగా జరిగింది.

అక్క మళ్ళీ కుట్టు మిషను ముందు కూర్చుంది. కోటు డాక్టరమ్మ మాత్రం రాలేదు. గుమ్మం దగ్గర అలికిడైతే చాలు, అక్క తలెత్తేది. “నాది కట్టలేదురా. కడితే వచ్చేదిగా” అంది ఒకరోజు, సూదిలో దారం ఎక్కిస్తూ. గండం గడిచిందని సంతోషించాల్సిన మనిషి, ఒంట్లోంచి తీసేసిన ముక్క కోసం బెంగపెట్టుకుంది. ఆ ఒంటిని నాకివ్వండని అంతకుముందు ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది నాకు.

చివరికి డాక్టరమ్మ పరుగున వచ్చింది. మొదట వేసిన చుక్కల్లో కణాలు పొడిపొడిగా ఉండిపోయాయట, మళ్ళీ వేస్తే ఉండ కట్టాయట.

వెంటనే వెళ్ళాం. లోపలికి పోవాలంటే కోటు తొడుక్కోవాలి. కొక్కేలకున్నవన్నీ అక్క చేత్తో కుట్టినవే. ఒక్కటీ అక్కకు పట్టలేదు. ఒకదాని బొత్తాం లాగి చూసి, మళ్ళీ జాగ్రత్తగా తగిలించింది.

“పోదాం పదరా” అంది.

“ఉండండక్కయ్యా” అని డాక్టరమ్మ బయటి గదిలోని తెరమీదికి బొమ్మ రప్పించింది. బూడిదరంగు వెలుగులో ఒక ఉండ. చుట్టూ అంచు నున్నగా, కుదురుగా ఉంది.

అక్క కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. “ఇదీ గుండ్రంగానే ఉందేమిటే! కొలతెంత?”

“అర మిల్లీమీటరు కూడా ఉండదు.”

“ఇన్నేళ్ళకి నాదొక చిన్న కొలత విన్నాను.”

ఈసారి ఆమె నవ్వేదాకా మేమెవరమూ నవ్వలేదు.

“మైక్రోస్కోపులో చూస్తే ఇంకా బాగుంటుంది. ఇంకొన్నాళ్ళు ఉంటాయివి. మీకు పట్టే కోటు వేసుకుని రండి” అంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే అక్క తెల్లగుడ్డ తాను దించింది. మెడలోని టేపు తీసి మా ఆవిడ చేతికిచ్చి, అద్దానికి ఎదురుగా నిలబడి చేతులు పైకెత్తింది. మా ఆవిడ టేపు చుట్టి, నావైపు చూసి, గొంతు తగ్గించింది.

“గొణుగుతావేమే? గట్టిగా చెప్పు. గుడ్డ చాలకపోతే నువ్విస్తావా?”

మా ఆవిడ గట్టిగా చెప్పింది. అక్క ఆ అంకెను బల్లమీద, అందరి కొలతలూ వేసుకునే చోటే, సుద్దతో వేసుకుంది. కాసేపు దానివైపే చూసింది.

“నేననుకున్నదానికంటే తక్కువేరా” అంది. కత్తెర అందుకుని, “ఒక అంగుళం వదులు కలుపుదాం. అందరికీ కలుపుతాగా” అంది.