నాన్న కోర్టు డైరీ, అమ్మ వంటింటి క్యాలెండరు

మా నాన్న ఢిల్లీలో వకీలు. పేరుమోసిన వకీలేం కాదు. జనక్‌పురిలో రెండు గదుల అద్దె ఇంట్లో, ముందు గదికి అడ్డంగా పరదా కట్టి దాన్నే ఆఫీసని మమ్మల్ని నమ్మించిన వకీలు. పరదాకి అవతల నాన్న, క్లయింట్లు. ఇవతల అమ్మ, నేను, కుక్కరు. కుక్కరు కూత పెట్టినప్పుడల్లా నాన్న మాట ఆపేసి, అది ఆగాక మళ్ళీ అందుకునేవాడు.

ఆయన ప్రాణమంతా ఒక ఎర్ర అట్ట డైరీలో ఉండేది. ఏ కేసు ఏ రోజు, ఏ కోర్టులో అన్నది అందులో తప్ప మరెక్కడా ఉండేది కాదు. ఏడాది అయిపోయాక ఆ డైరీ నాకు వచ్చేది. కోర్టుకి సెలవులు కాబట్టి ఆదివారాలూ, జూన్ నెలా ఖాళీగా ఉండేవి. ఐదో తరగతిలో నా భాగహారాలన్నీ జూన్ నెలలోనే జరిగాయి.

సాయంత్రం నాన్న కోటు విప్పగానే అమ్మ పరదా పక్కకి వచ్చి, "రేపు మీకేవుందండీ?" అని అడిగేది. ఆయన డైరీ తీసి రేపటి కేసులకీ, ఆ రోజు కొత్తగా పడ్డ వాయిదాలకీ కోర్టు పేరు చెప్పి, వాదన ఉందో లేదో చెప్పేవాడు. అమ్మకి కోర్టు సంగతులెందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఏదో పొద్దుపోక అడుగుతోందనుకునేదాన్ని.

తొంభైల మొదట్లో, మార్చిలో, నా పరీక్షలు అయిపోయాయి. ఆ శుక్రవారం వీధిలో పాత కాగితాలు కొనేవాడి "కబాడీవాలా!" అన్న కేక వినగానే ఒళ్ళు తెలియలేదు. బల్ల మీదున్న పాత పుస్తకాలన్నీ రెండు చేతులా ఊడ్చి అతని గోతంలో పడేశాను. వాటిలో ఎర్ర డైరీ కూడా ఉంది. పీడా వదిలిందనుకున్నాను.

సాయంత్రం బడిసంచీ తెరిస్తే అడుగున నా భాగహారాల డైరీ కనిపించింది. బల్ల మీద నుంచి వెళ్ళిపోయింది, ఆ పొద్దున నాన్న మరిచిపోయి వెళ్ళిన ఆ ఏటి డైరీ.

పరదా అవతల నాన్న అప్పటికే వెతుకుతున్నాడు. "బస్సులో పడేసుకుని ఉంటానే. ఎంత బుద్ధి లేనివాణ్ణి!" అని అమ్మతో అంటున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆయన బెంగంతా ఒక్క కేసు గురించే. కంటోన్మెంట్లో ఉండే ఒక తెలుగు సిపాయి, సెలవులో ఉండగా రోడ్డు దాటుతూ లారీ కింద పడి చనిపోయాడు. భార్య చంటిపిల్లతో విజయనగరం వైపు పుట్టింటికి వెళ్ళిపోయింది. నష్టపరిహారం కేసు నాన్న చూస్తున్నాడు. "అంత దూరం నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా, నేను చూసుకుంటాను" అని ఆమెకి ఉత్తరం కూడా రాశాడు. అంతకుముందు నాన్నకి జ్వరం వచ్చి ఒక వాయిదా తప్పింది. ఈసారి కూడా ఎవరూ నిలబడకపోతే కేసు కొట్టేస్తానని జడ్జిగారు హెచ్చరించారు. హోలీ అయ్యాక అన్నంతవరకే నాన్నకి గుర్తుంది. సోమవారమా, మంగళవారమా? ఆ వారం ఆయనకి కశ్మీరీ గేటు దగ్గరి కోర్టులోనూ కేసులున్నాయి, ఇండియా గేటు దగ్గరి కోర్టులోనూ ఉన్నాయి. ఈమెది ఇండియా గేటు దగ్గర, పది కొట్టగానే పిలుస్తారు. వాయిదా సోమవారమే అయి, ఆయన కశ్మీరీ గేటుకి వెళితే అంతే సంగతులు.

శనివారం హోలీ. కాలనీ పిల్లలంతా రంగుల్లో మునిగారు. నేను గడప దాటలేదు. పక్కింటి ఆంటీ నుదుటి మీద చెయ్యి వేసి, "బుఖార్ తో నహీఁ హై", జ్వరమేం లేదే, అంది. నాన్న బస్సు డిపోకి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. ఆయన ముఖం చూస్తే చెప్పేద్దామనిపించింది కానీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, దెబ్బలకి భయపడ్డాను.

ఆదివారం మధ్యాహ్నం ఇక భరించలేక చెప్పేశాను.

నాన్న కొట్టలేదు. "గోతం ఏ రంగు? సైకిలా, బండా? ఎటు వెళ్ళాడు?" అని వరసగా అడిగాడు. బోనెక్కిన సాక్షిలా జవాబులు చెప్పాను. చెప్పులేసుకుని పరిగెత్తాడు. గంటలో తిరిగొచ్చాడు. శుక్రవారం కాగితమంతా ఆ సాయంత్రమే లారీకెక్కి పోయిందట. గోడకి జారబడి, "ఆ అమ్మాయికి ఏం మొహం చూపించను?" అన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ అంది: "రేపు మీకు క్యారేజీ లేదండీ."

"ఇప్పుడు క్యారేజీ గొడవేంటే?"

అమ్మ గోడకున్న తెలుగు క్యాలెండరు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ఏటా ఊరి నుంచి మామయ్య పంపే క్యాలెండరది. తిథుల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న ఇంటూ గుర్తులు.

"ఇండియా గేటు కోర్టయితే మీరు పక్కనే అశోకా రోడ్డు క్యాంటీనులో మన తెలుగు భోజనం తినొస్తారు కదా. క్యారేజీ వృథా అవుతుందని ఇంటూ పెట్టుకుంటాను. రేపటికి ఇంటూ ఉంది. కింద ఉప్మా అని కూడా రాశాను చూడండి. వాదనున్న రోజు అన్నం తింటే నిద్దరొస్తుందని మీరేగా పొద్దున్నే ఉప్మా చెయ్యమనేది!"

నాన్న క్యాలెండరు దగ్గరికి లాక్కుని ఆ గడి మీద వేలు పెట్టాడు. ఇండియా గేటు దగ్గర ఆయనకి వాదన దాకా వచ్చిన కేసు ఒక్కటే. సిపాయి భార్యది.

"నీకివన్నీ తెలుసా?" అన్నాడు.

"నాకేం తెలుసండీ! క్యారేజీ సంగతి తెలుసు" అంది అమ్మ.

సోమవారం నాన్న ఉప్మా తిని వెళ్ళాడు. సాయంత్రం గేటు చప్పుడయ్యేసరికి నేను మంచం కింద ఉన్నాను. "పది గంటలకి మొదటి పిలుపు మాదే. వాదించేశాను!" అన్న మాట వినిపించాక బయటికొచ్చి, దుమ్ము కొట్టుకున్న గౌనుతోనే ఆయన్ని చుట్టేసుకున్నాను. హమ్మయ్య అనుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఎండలు ముదిరాక ఆమెకి పరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది.

నాన్న కొత్త డైరీ కొని, క్యాలెండరు ముందేసుకుని, అమ్మని అడిగి అడిగి మిగతా వాయిదాలు రాసుకున్నాడు. ఆ తర్వాత కోటు విప్పి వంటింటి గుమ్మం దాకా వచ్చి అడగడం ఆయన వంతయింది.

"ఇదిగో, రేపు నాకేవుంది?"

అమ్మ పోపు మీంచి తల తిప్పకుండానే చెప్పేది.

"ఉప్మా."

నాన్న వెళ్ళి వాదన కాగితాలు తీసేవాడు.