బాబాయి లేని శబ్దాలు

మా పిన్ని కార్టూన్ సినిమాలకు శబ్దాలు తయారుచేస్తుంది. తలుపు కిర్రుమనడం, రాక్షసుడి ఆవులింత, పడవ మునగడం అన్నీ ఆమె చేతిలో పుట్టినవే. బాబాయి పోయాక పని మానేసింది. ఈమధ్యే మళ్లీ మొదలుపెట్టింది. పాత పరికరాలు మూలపడడంతో, కంప్యూటర్‌లోనే శబ్దాలు పుట్టించే సింథసైజర్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాల్సి వచ్చింది. ఎన్ని రకాల పనులకైనా పనికొచ్చేది ఒక్కటి చాలంటుంది.

కొనేముందు వాడి చూసుకోనిచ్చేవన్నీ దించుకుని పరీక్షకు కూర్చుంది. రాక్షసులనూ ఉరుములనూ పక్కన పెట్టి, ప్రతిదాంట్లోనూ ఒకే శబ్దం కోసం తంటాలు పడేది. బాబాయి ఇంట్లోకి వస్తూ, చెప్పులు విడుస్తూ తీసే చిన్న కూనిరాగం.

ఆమెతో పనిచేసే ఎడిటర్ విసిగిపోయాడు. "అక్కా, పెళ్లిసంబంధాలకు వంకలు పెట్టినట్టు పెడుతున్నావు. ఏదో ఒకటి ఖాయం చెయ్యి" అన్నాడు. పిన్ని వంకలు ఆగలేదు. ఒకటి మరీ బొంగురుగా ఉందట. ఇంకోదాంట్లో రాగం పలికింది గానీ రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది.

మూడోది చిత్రమైనది. మనం రికార్డు చేసిన శబ్దం ముక్క ఒకటి దానికిస్తే తిరగలిలో వేసినట్టు పిండిపిండి చేసి, కొత్త రూపంలో ఎంతసేపైనా సాగదీస్తుంది. కానీ ఆ ముక్కే లేదు. పిన్ని పాత రికార్డింగులన్నీ ఇంట్లో చేసినవే. మధ్యలో బాబాయి దగ్గినా, రాగం తీసినా ఎక్కడికక్కడ కత్తిరించేసేది. మైకు పెట్టిందంటే ఆయన ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సిందే. ఈ ఇంట్లో మైకుకున్న మర్యాద మొగుడికి లేదని నాతో మొరపెట్టుకునేవాడు. ఇప్పుడు పిన్ని ఎంత వెతికినా ఆయన జాడ ఎక్కడా దొరకలేదు. అంత శుభ్రంగా పనిచేసింది మరి.

చివరికి ఖాళీ గది రికార్డింగు తెరిచింది. ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే సన్నని హోరును కూడా పట్టి దాచుకోవడం ఈ పనివాళ్ల అలవాటు. కత్తిరించిన చోట అతుకు తెలియకుండా దాన్నే పరుస్తారు. పిన్ని ఆ హోరును సింథసైజర్‌కిచ్చి మీట నొక్కిపట్టింది. గాలి కదిలినట్టుందంతే.

"ఇందులో ఏముంది పిన్నీ?" అన్నాను.

"మీ బాబాయి ఉన్నారే. ఆ కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. నేనే కదలొద్దన్నా."

మీట మీది వేలు తియ్యలేదు. మూడోదే ఖాయం చేశానని ఎడిటర్‌కు నన్నే ఫోన్ చేసి చెప్పమంది. తన చెయ్యి ఖాళీ లేదట.