నాన్న అడుగుల లెక్క

ఆ భవనంలో అందరూ ఆ పిల్లను గడియారం అంటారు. పదహారేళ్ల పిల్ల. వాళ్ల ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు, యాభైనాలుగు మెట్లు. ఎవరు ఎక్కి వస్తున్నా తలుపు ఇవతల కూర్చునే చెప్పేస్తుంది, "రెండో అంతస్తు టీచరమ్మ. కొత్త చెప్పులు" అని. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇరుగుపొరుగుకు మాత్రం అదో వినోదం. గడ్డాలు నెరిసిన మగవాళ్లు కూడా కావాలని కుంటుతూ ఎక్కి, "ఏయ్ గడియారం, ఎవరో చెప్పుకో!" అని పళ్లికిలించేవారు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

డాక్టర్లు ఆటిజం అని ఎప్పుడో చెప్పారు. ఇంట్లోవాళ్లు ఆ ముక్కను తమకు వీలుగా కుదించుకున్నారు: దానికి మార్పు పడదు. కుర్చీ జరిపితే పడదు, సబ్బు మారిస్తే పడదు. అందులో అబద్ధమేం లేదు. కానీ ఆ ఒక్క మాట నోటికి అలవాటయ్యాక, ఆ పిల్ల ఏం చెప్పినా వినాల్సిన పని లేకుండా పోయింది.

ఎనిమిది నెలల కింద అమ్మ పోయింది. నాన్నకు చేదోడుగా ఉంటుందని ఆయన అక్క వచ్చి ఇంట్లో ఉండిపోయింది. అత్త చెడ్డదేం కాదు. మనసు వెన్న, చేతులు మాత్రం ఊరుకోవు. వచ్చిన వారంలోనే వంటిల్లు తలకిందులైంది. గ్లాసులు పై అరకెక్కాయి, కర్టెన్లు మారాయి, అమ్మ చీరలు మూటలోకి పోయాయి. అమ్మ చెప్పులు మాత్రమే దక్కాయి, అవీ పిల్ల ముందుగానే తీసి మంచం కింద పెట్టెలో దాచుకుంది కాబట్టి.

రోజూ పొద్దున టిఫిన్ దగ్గర ఆ పిల్ల మారినవన్నీ ఒకే గొంతుతో అప్పజెప్పేది.

"కర్టెన్ మారింది. సబ్బు మారింది. నాన్న అడుగు మారింది. గ్లాసు మారింది."

"మారితే మారాయిలేవే తల్లీ, ముందు తిను," అనేది అత్త.

అదుగో, కొంప మునిగింది అక్కడే. మనమైతే సబ్బు సంగతి ఒకలాగా, తండ్రి సంగతి ఇంకొకలాగా చెబుతాం. గొంతు తగ్గిస్తాం, కళ్లు పెద్దవి చేస్తాం. ఆ పిల్లకు ఆ విద్య రాదు. సబ్బూ నాన్నా ఒకే వరసలో వచ్చేసరికి, రెండూ ఒకే బుట్టలో పడ్డాయి. 'నాన్నా, పులి!' కథలో పిల్లాడైతే అబద్ధాలాడాడు. ఈ పిల్లకు అబద్ధమాడటమే చేతకాదు, అయినా ఆ పిల్లాడికి పట్టిన గతే దీనికీ పట్టింది.

నాన్న స్కూలు బస్సు డ్రైవరు. నలభై మంది పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే మనిషి. ఆయన మెట్లెక్కితే టప్, టప్, టప్ అని మద్దెల వాయించినట్టు ఉండేది. యాభైనాలుగు మెట్లకు యాభై సెకన్లు. నాలుగు వారాల కింద ఎడమ కాలు ఆలస్యంగా, ఈడ్చుకుంటూ రావడం మొదలైంది. టప్, సర్. టప్, సర్. యాభై కాస్తా అరవై అయింది, డెబ్బై అయింది. మొన్న రెండో అంతస్తు మలుపులో ఆయన ఆగాడు. ఎప్పుడూ ఆగని చోటు అది. పిల్ల అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. నిన్న తొంభై దాటింది. ఈ సర్ అనే చప్పుడు కాకపోయినా, ఇలా రోజురోజుకూ పెరిగే లెక్క ఒకటి ఆ నోటుబుక్కులో ఇదివరకే ఉంది.

ఈరోజు పొద్దున బస్సు తాళంచెవి మేకుకు లేదు.

"నువ్వు తీశావా?" అన్నాడు నాన్న.

"తీశాను."

"ఎక్కడ పెట్టావు?"

"చెప్పను. నీ అడుగు మారింది. బస్సు వద్దు."

నాన్నకు ముందు నవ్వొచ్చింది, తర్వాత టైము చూసుకుంటే నవ్వు పోయింది. అత్తకు ఒళ్లు మండింది.

"చెట్టంత ఎదిగావు, ఇదేం పేచీ? అక్కడ పిల్లలు రోడ్డు మీద నిలబడి ఉంటారు! వీడి ఉద్యోగం ఊడగొడతావా?"

"పోనీలే అక్కా, తిట్టకు," అన్నాడు నాన్న. "వాళ్లమ్మ లేదన్న బెంగ, అంతే. రెండో తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర ఉంది."

పిల్ల గుమ్మానికి అడ్డం నిలబడింది. అత్త రెక్క పట్టుకుని పక్కకు లాగింది. నాన్న దిగడం మొదలుపెట్టాడు. టప్, సర్. పిల్ల కళ్లు మూసుకుని లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి.

ముప్పై రెండు రాలేదు. బరువైనదేదో దొర్లిన చప్పుడు వచ్చింది.

"నాన్న పడ్డాడు," అంది పిల్ల, సబ్బు మారింది అన్న గొంతుతోనే.

ఆసుపత్రిలో డాక్టరు అత్తను పక్కకు పిలిచాడు. "తలలో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం. బతుకుతాడనే అనుకుంటున్నా, కాలూ చెయ్యీ సంగతి మాత్రం చెప్పలేను. బండి నడుపుతుండగా పడి ఉంటే ఎంత ఘోరం జరిగేదో! ఇది ఈరోజు మొదలైంది కాదమ్మా. కాలు ఈడ్చడం ఎప్పట్నుంచి?"

అత్త పిల్ల వైపు తిరిగింది. ఒకే ఇంట్లో ఉంటూ, మూడు పూటలా వడ్డిస్తూ, తమ్ముడి కాలు చూడలేదు. పిల్ల నోటుబుక్కు తీసి డాక్టరు చేతిలో పెట్టింది. తేదీలు, మెట్లు, సెకన్లు. ప్రతి పేజీ చివర ఒకే మాట: చెప్పాను.

డాక్టరు చూసి, తల ఊపి, దాన్ని అత్తకిచ్చి వెళ్లిపోయాడు. అత్త పేజీలు వెనక్కి తిప్పింది. అక్కడ అమ్మ ఉంది. మెట్ల మధ్య అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఎన్నిసార్లు ఆగిందో రోజూ లెక్క. నాలుగు, ఏడు, పదకొండు. అవీ అంతే, కింద చెప్పాను, చెప్పాను.

అత్తకు ఏడుపు ఆగలేదు. "గట్టిగా అరిచైనా చెప్పాల్సింది కదే తల్లీ!"

పిల్ల పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. "అరిచాను. అమ్మప్పుడు అరిచాను. ఆ రోజు నువ్వు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చావు. నన్ను గదిలో పెట్టి గడియ పెట్టావు. మూడు గంటల పది నిమిషాల సేపు. అందుకే ఈసారి తాళంచెవి తీశాను."

అత్త ఆ లైను చదివింది. అది నిజంగానే అక్కడ రాసి ఉంది.