ఆరింటికే తలుపు తీసిన టీచరమ్మ

మా అంగన్‌వాడీ టీచరమ్మ పోయారు. తెనాలిలో కూతురింట్లో, నిద్రలోనే. కబురు తెలిసేసరికి నేను రేపల్లె బజారులో ఉన్నాను. బేరమాడిన వంకాయలు అక్కడే వదిలేసి బస్టాండుకు నడిచాను.

నిజాంపట్నం దగ్గర మా పేటలో మగవాళ్ళు వేటకు వెళ్తారు, ఆడవాళ్ళం చేపలు ఎండబెడతాం. టీచరమ్మ మా పిల్లలను ‘గారు’ అని పిలిచేవారు. “శ్రీను గారూ, ముక్కు తుడుచుకోండి.” “లక్ష్మి గారూ, ఇసుక తినకూడదండి.” రెండేళ్ళ శ్రీను గారు దర్జాగా ముక్కు చాపేవాడు. మేము నవ్వితే, “ఇప్పుడు మర్యాద రుచి చూస్తే, రేపు ఎవరైనా కసిరినప్పుడు ఊరుకోరమ్మా” అనేవారు. జాకెట్టుకు ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చుకుని ఉండేది. గుండీ ఊడిన చొక్కా కనబడితే, పిల్లవాడి ఒంటిమీద ఉండగానే కుట్టేసేవారు.

పద్నాలుగేళ్ళ కిందట ఆ కేంద్రాన్ని ఎత్తేయబోయారు. తనిఖీకి వచ్చిన మేడం తొమ్మిదిన్నరకు చూస్తే లోపల నలుగురే పిల్లలున్నారు.

“పిల్లలు లేని చోటికి ప్రభుత్వం డబ్బు ఎందుకిస్తుందండి? పక్క ఊరి కేంద్రంలో కలిపేస్తాం” అన్నారు మేడం.

“పిల్లలున్నారండి. మనం తలుపు తీసే వేళకు ఇక్కడ లేరంతే. నాతో రండి, చూపిస్తాను” అన్నారు టీచరమ్మ.

ఇద్దరూ చేపలు ఎండబెట్టే దిబ్బకు వచ్చారు. తెల్లవారకముందే పనికి దిగే మేము పిల్లలను వెంట తెచ్చుకునేవాళ్ళం. తొమ్మిదింటికి తెరిచే కేంద్రం మాకు ఏం అక్కరకొస్తుంది? ఆ రోజు నా రెండేళ్ళ కూతురి నడుముకు పాత చీర ముక్క కట్టి, రెండో కొస గుంజకు ముడేశాను.

మేడం ఆగిపోయారు. “ఎందుకు కట్టేశావమ్మా?”

“నీళ్ళవైపు వెళ్ళిపోద్దండి” అన్నాను సిగ్గుతో.

టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వంగి ముడి విప్పి, పిల్లను చంకనెత్తుకున్నారు. “రాసుకోండి మేడం, ఈ పాప గారు ఒకరు. మిగతావాళ్ళను కూడా చూద్దురుగాని, రండి” అన్నారు. దిబ్బంతా తిప్పారు. మేడం చెప్పులు చేపల నీళ్ళలో నానిపోయాయి. వెళ్ళేముందు ఆవిడ, “వేళ మార్చమని అర్జీ పెట్టండి, నేను పైకి రాస్తాను” అని మాత్రం అన్నారు.

టీచరమ్మ ఆగలేదు. వారం తిరక్కుండానే భర్తతో సహా రేపల్లె ఇల్లు ఖాళీ చేసి మా పేటలో అద్దెకు దిగారు. ఆరింటికే తలుపు తీశారు. తల్లులందరిచేత వేలిముద్రలు వేయించిన అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. కేంద్రం నిలిచింది. ఏడాది తర్వాత కొత్త వేళకు అనుమతి, రెండో ఆయా పోస్టు వచ్చాయి.

ఆ రోజు నేను కృతజ్ఞతతో ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. “నాకెందుకమ్మా దణ్ణం? పిల్లల పేరున వచ్చిన పాలు పిల్లలకు కాచి పోస్తున్నాను” అని కసిరారు. అంతలోనే నవ్వి, “కూర్చో, టీ తాగి వెళ్ళు” అన్నారు.

నేను గుంజకు కట్టేసిన ఆ పిల్లే ఇప్పుడు బాపట్లలో ఇంటర్ చదువుతోంది. తెనాలికి నాకంటే ముందే చేరి, టీచరమ్మ పాదాల దగ్గర కూర్చుని ఉంది.

దహనం అయిన మర్నాడు పొద్దున్నే కేంద్రం వైపు వెళ్ళాను. ఇప్పుడున్న టీచరు చాపలు పరుస్తోంది. ఒక పడుచు తల్లి నిద్రపోతున్న బిడ్డను భుజం మీంచి దించి చాప మీద పడుకోబెట్టింది. కొంగు బిగించి, తట్ట నెత్తికెత్తుకుని రేవు వైపు నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తల్లి ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.