ఎట్టి కాదు, తప్పు కట్టుడు

నా చివరి పోస్టింగు డోర్నకల్ దాటాక వచ్చే ఒక జిల్లా జైలులో, మహిళా బ్యారక్‌కు హెడ్ వార్డర్‌గా. వరంగల్‌లో మా పాత జైలును ఖాళీ చేయించినప్పుడు ఖైదీలను తలా ఒక దిక్కు పంపారు, వాళ్ల వెనకే మమ్మల్నీ పంపారు. వరంగల్‌లో రైలెక్కి డ్యూటీకి పోయేదాన్ని. ఇప్పుడు చెప్పేది కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన తర్వాతి ఫిబ్రవరి సంగతి. ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు బారులు తీరే కాలం. నా రిటైర్మెంటుకు ఇంకొక్క వేసవి మిగిలి ఉంది.

నేను చదివింది ఏడో తరగతి. మా ఆయన వార్డర్‌గా ఉండి చనిపోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. చట్టం నాకు డ్యూటీలో చెవిన పడ్డంత వరకే తెలుసు. ఆ మాత్రానికే కొన్ని సంగతులు అర్థమయ్యాయి. బయటివాళ్లు జైలంటే శిక్ష పడ్డవాళ్లు ఉండే చోటనుకుంటారు. మా బ్యారక్‌లో ఎక్కువమంది రిమాండు వాళ్లు, అంటే కేసు ఇంకా తేలనివాళ్లు. వాళ్లలో కొందరికి కోర్టు బెయిలు కూడా ఇచ్చి ఉంటుంది. పూచీ పడి జమానతు నిలబడే మనిషి దొరకక లోపలే ఉండిపోతారు. వరంగల్‌లో కేసు, ఇంత దూరాన జైలు. ములాఖత్‌కు రావాలంటే కూలి పోగొట్టుకుని రైలెక్కాలి. ఎవరొస్తారు?

రేణుక అట్లా ఉండిపోయిన మనిషే. భర్త లేడు. ఎనుమాముల యార్డులో ఊడ్చే పని. అక్కడ ఊడ్చే ఆడవాళ్లకు కింద రాలిన కాయ దక్కుతుంది. అది ఎవరూ రాసిచ్చిన హక్కు కాదు, వాడుక. ఒక వ్యాపారి తన బస్తా పోయిందని ఫిర్యాదు చేశాడు. రేణుక దగ్గర దొరికింది కొంగున కట్టిన మూట. కేసులో మాత్రం నిండు బస్తా ఎక్కింది. బస్తా విలువకు పెద్ద సెక్షను పడింది, రిమాండుకు పంపారు. తర్వాత బెయిలు ఇచ్చినా జమానతుకు ఎవరూ రాలేదు.

వచ్చిన రోజే అడిగాను, రాలిన కాయా, తీసిన కాయా అని.

"బస్తా చినిగింది నిజమే పెద్దమ్మా. నేను జర వేలు పెట్టిన."

"జర అంటే ఎంతే?"

"చెయ్యి పట్టేంత."

బ్యారకంతా నవ్వింది. నేను నవ్వలేదు. నాకు దొంగతనం పడదు, దుబారా అంతకన్నా పడదు. కానీ కొంగు మూటెడు మిర్చికి ఒక మనిషిని తెచ్చి పెట్టి, మూడు పూటలా తిండి పెట్టి, కాపలాకు నా వంటి వాళ్లకు జీతమిచ్చి, వాయిదాకు పోలీసు ఎస్కార్టు ఇచ్చి, అది దొరకని రోజు వాయిదానే వాయిదా వేసి... ఇల్లు నడిపే ఏ ఆడదీ ఇట్లా ఖర్చు పెట్టదు.

రేణుకతో పాటు ఆమె బిడ్డ చిన్ని కూడా లోపలే ఉంది. తల్లితో ఉండే పిల్లలకు జైలులో ఆరేళ్ల వరకే చోటు. ఆరు నిండితే, బయట చూసుకునే వాళ్లు లేకుంటే, ప్రభుత్వ హోముకు పంపాలి. చిన్నికి ఉగాది దాటితే ఆరు నిండుతాయి. అప్పటికే ఆ పిల్ల గింతీ ఆట ఆడేది. గింతీ అంటే పొద్దున, సాయంత్రం మేము తలలు లెక్కపెట్టడం. చిన్ని గోడ పక్కన చెప్పులు వరుసగా పేర్చి లెక్క చూసేది. ఒక చెప్పు వంకరగా ఉంటే "లైన్ల నిలబడు" అని గదమాయించేది, అచ్చం నా గొంతుతోనే. తలుపు తెరిచే ఉన్నా, ఎవరో ఒకరు చెప్పేదాకా గడప దాటేది కాదు.

ఉచిత న్యాయసేవ సంస్థ తరఫున హనుమకొండ నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. చిన్న వయసు, పనిమంతురాలు. దొరికింది మూటే గానీ బస్తా కాదని కోర్టులో చూపించి సెక్షను మార్పించింది. ములాఖత్ గదిలో రేణుకకు విడమరిచి చెప్పింది. కొత్త చట్టంలో, మొదటిసారి చేసిన చిన్న దొంగతనానికి, సొమ్ము తిరిగి చేరితే, జైలుకు బదులు సామాజిక సేవ శిక్షగా వేస్తారు. తప్పు ఒప్పుకుంటే బిడ్డతో ఇంటికి పోవచ్చు.

"కూలెంత ఇస్తరు?" అంది రేణుక.

"కూలి ఉండదమ్మా. అది సేవ కదా."

"సర్కారోళ్లు చెప్పిన కాడ, చెప్పిన పని, పైసలు లేకుంట. గంతేనా?"

"అంతే."

"దాన్ని మా దిక్కు ఎట్టి అంటరు మేడం. మా తాత దొర గడిల ఎట్టి చేసి చేసి నడుం వంగి సచ్చిండు. మా నాయన నాతోని ఒట్టేపిచ్చుకున్నడు, కూలి లేని పని ముట్టనని. నేను చెయ్య. జైల్నే ఉంట."

ఇది వెట్టి కాదు, సంస్కరణ అని లాయరమ్మ ఏదో చెప్పబోయింది.

"పేరు మార్చుకొచ్చిన్రు, గంతే" అని రేణుక లేచిపోయింది.

వచ్చే వాయిదాకు ఒప్పుకోకపోతే సాక్షులను పిలిచి విచారణ నడుపుతారని, అది ఎన్నాళ్లు సాగుతుందో ఎవరూ చెప్పలేరని లాయరమ్మ నాకు చెప్పి వెళ్లింది. అంటే ఉగాదికి చిన్ని హోముకు పోతుంది. రేణుక మీద నాకు కోపం వచ్చింది గానీ, తప్పుబట్టలేకపోయాను. ఎట్టి అనే మాట వింటూ పెరిగినదాన్నే నేనూ.

దారి చూపింది నల్లా దగ్గర జగడం. రేణుక తొందరలో ఇంకొక ఆమె ఉతికి పెట్టిన బట్టల మీద మురికి నీళ్లు కుమ్మరించింది. మా దిక్కు కులపెద్దలు పంచాయితీ చేసి తప్పు వేస్తారు, అంటే జరిమానా. తప్పు కట్టాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. బ్యారక్‌లోనూ ఆడవాళ్లు అదే నడిపేవాళ్లు. వయసులో పెద్దామె ఒకరు తీర్పు చెప్పింది: "రేపు బాతురూములు నువ్వు కడుగు. ఆడికి తెగింది."

తెల్లారి నేను పోయేసరికి రేణుక గోడలతో సహా కడుగుతోంది.

"ఏమే, దీనికి కూలెంత మాట్లాడుకున్నవ్?" అన్నాను.

"తప్పు కడితే కూలేంది పెద్దమ్మా?" అని నావైపు వింతగా చూసింది.

"మరి ఎట్టి చెయ్యనంటివి గదా."

"ఇది ఎట్టెట్లయితది? కడిగినంక తెగిపాయె. ఎట్టికి తెగుడు ఉంటదా? తాత అయినంక నాయన, నాయన అయినంక..." అక్కడ ఆగిపోయింది.

"కోర్టు అడిగేది గిదే" అన్నాను. "వేలు పెట్టినవ్, తప్పు కట్టు. ఏ దినం తెగుతదో జడ్జినే అడుగు."

"అడగొచ్చా?"

"నోరు నాకన్న పెద్దగనే ఉన్నది. అడుగు."

ఈసారి వాయిదా వీడియోలో జరిగింది. ఇప్పుడు జైలులో ఒక గదిలో తెర పెట్టి అక్కడి నుంచే కోర్టుకు చూపిస్తారు. నేను కుర్చీ పక్కన నిలబడ్డాను. మేజిస్ట్రేటు నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. ఎవరైనా ఒత్తిడి చేశారా అని కూడా అడిగారు.

"ఎవలు చెయ్యలే సార్. వేలు పెట్టింది నిజం. గని బస్తా ఎత్తుకపోలే. పని చేస్త. ఏ దినానికి తెగిపోతదో గది రాయాలె. అటెనక ఒక్క పూట గూడ ఎవలు పిలువద్దు."

తెర మీద మేజిస్ట్రేటు పెన్ను కింద పెట్టారు. అది అడగాల్సిన మాటేనని అన్నారు. ఎనుమాముల దగ్గరి సర్కారు బడిలో నెల రోజులు, పొద్దుటి పూట, ఊడ్చడం, చెట్లకు నీళ్లు పోయడం. ఆఖరి తేదీ పైకి చదివి, రేణుకతో తిరిగి చెప్పించారు. ఆ తేదీ దాటితే ఎవరూ పని అడగకూడదని కూడా రాయించారు.

విడుదల కాగితం వచ్చిన రోజు డ్యూటీ నాదే. చిన్న గేటు తీశాను. రేణుక దాటింది. చిన్ని గడప లోపలే నిలబడి నా ముఖం చూసింది, నేను చెప్పాలని.

"ఇగ నన్నడుగుడు బంద్" అన్నాను. "నడువు."

పరుగెత్తింది. వెనక్కి చూడలేదు. అదే కావాలి నాకు.

ఆ బడి మా ఇంటి నుంచి కూరగాయలకు పోయే దారిలోనే ఉంటుంది. రేణుక పనికి ఆఖరి రోజైన పొద్దున నాకు వీక్లీ ఆఫ్ అయింది, చూసి వద్దామని పోయాను. హెడ్మాస్టరు సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చారు. ఇచ్చి, అలవాటు కొద్దీ, "రేణుకా, ఆ బెంచీలు గూడ జర లోపలికి జరుపు" అన్నారు.

రేణుక చీపురు గోడకు ఆనించింది.

"తెగిపోయింది సార్. ఇగ పుల్ల ఎత్తినా ఎట్టి అయితది. కూలి చెప్పున్రి, ఇప్పుడే జరుపుత."

హెడ్మాస్టరు గట్టిగా నవ్వి, జేబులో చెయ్యి పెట్టారు. బెంచీలు జరిపింది రేణుకే, కూలికి. యార్డులో తోటి ఆడవాళ్లు కూడా ఆమెను తిరిగి పనిలోకి రానిచ్చారు. తప్పు కట్టింది కాబట్టి దొంగ అనలేదు. "వేళ్లు దగ్గర పెట్టుకో అక్కా" అని నవ్వడం మాత్రం మానలేదట. జూన్‌లో చిన్ని అదే బడిలో ఒకటో తరగతిలో చేరింది. తలుపు దగ్గర ఆగడం లేదని, పైగా బెల్లు కొట్టకముందే బయటపడుతోందని వాళ్ల టీచరు చెప్పింది.

జైలే వద్దని నేను అనను. తాళం వెనక ఉండాల్సిన వాళ్లను చాలామందిని చూశాను. చిన్న తప్పుకు తాళం వాడటం దుబారా, అంతే. దాని బదులు పని చేయించేటట్లయితే, ఆ పని ఏ రోజుతో తీరుతుందో మొదటే చెప్పాలి. చివర చెప్పకుండా చేయించుకునేది వెట్టి. చివర చెప్పి చేయించేది శిక్ష. ఈ తేడా విడమరిచి చెప్పకపోతే, మానం గల మనిషి జైలులోనే ఉంటానంటుంది, ఆ ఖర్చు మనందరి మీదా పడుతుంది.