ఉలవలు ఉడికిన కారు

నిన్న గద్వాల నుంచి వనపర్తికి కారులో వస్తుంటే రోడ్డు నిండా ఎండిన ఉలవ పంట పరిచి ఉంది. పోయే వచ్చే బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. మా వైపు కల్లాలు రోడ్డెక్కి చాలా కాలమైంది. నేను పక్కకు తప్పించబోయానో లేదో, వేపచెట్టు నీడన కూర్చున్న ఒక పెద్దమ్మ చెయ్యి ఊపుతూ లేచింది. "ఏం సారూ, జర మీదికెళ్ళి పోనిస్తే నీ సొమ్మేం పోతది?" అని గట్టిగానే అడిగింది. నా సొమ్మేం పోతుందో చెప్పాలంటే మా బావ కథంతా ఎత్తుకోవాలి. ఆ ఎండలో అంత ఓపిక ఎవరికుంది? ఒక దండం పెట్టి పక్కనుంచి వచ్చేశాను.

మా అక్క ఇల్లు వనపర్తిలో, ఆమె చదువు చెప్పే బడి కొల్లాపూర్ దారిలో ఒక పల్లెలో. బస్సు వేళకు రాదు, వచ్చినా ఆగదు. షేరాటోలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని పోయి పోయి విసిగి, నలభై దాటాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. బావ పాత కారు వారమంతా ఆమెది, ఆదివారం మాత్రం బావది. పెద్దమందడి దగ్గర వాళ్ళ ఊరికి, అన్న దగ్గరికి పోయి వచ్చేవాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక చలికాలం ఆ కారుకు జ్వరం పట్టుకుంది. బడికి సగం దూరం పోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చునేది. అక్క రోడ్డు పక్కన ఆపి, అది చల్లారేదాకా నిలబడి, ప్రార్థన అయిపోయాక బడికి చేరేది.

బావ తీర్పు మొదటిరోజే వచ్చేసింది. "క్లచ్చి మీదికెళ్ళి కాలు తియ్యదు. ఆడోళ్ళ చేతికిస్తే ఇంజన్ గిట్లనే కాగుతది. నేను తీస్కపోతే ఏమైతలేదు గదా!" అప్పటికి ఆయన ఊరికి పోవడం ఆగిపోయింది, తీసుకుపోయేది కూరగాయల మార్కెట్ దాకానే. అంతమాత్రానికి ఇంజన్‌కు చెమట కూడా పట్టదు. ఆ మాట అంటే వినేవాడా? కిందపడ్డా పైచెయ్యి ఆయనదే. వనపర్తి మెకానిక్ థర్మోస్టాట్ మార్చాడు. ముల్లు మళ్ళీ ఎక్కింది. నేను గద్వాలకు తెప్పించి మా మెకానిక్‌కు చూపిస్తే వాటర్ పంపు అన్నాడు. అదీ మార్చాం, అదీ అంతే. నాగర్‌కర్నూల్‌లో పెళ్ళికి పోయినప్పుడు అక్కడి మెకానిక్ రెండు నిమిషాలు చప్పుడు విని, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజన్ దించాలె" అని చేతులు తుడుచుకున్నాడు. అందరూ రేడియేటర్ మూత తీసి లోపలికి తొంగిచూసినవాళ్ళే! ఆ చలికాలమంతా బావ అన్న పంపిన ఉలవలతో అక్క ఇంట్లో ఒకటే ఉలవచారు. జుర్రుకుంటూ కారు రోగం గురించి ఎంత మాట్లాడుకున్నామో! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే.

ఇంజన్ దించాలనగానే బావ బండిని అమ్మకానికి పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం పెబ్బేరు నుంచి ఎవరో చూడ్డానికి వస్తామన్నారు. అక్క బావ ఎదురుగా వచ్చి నిలబడింది. "మల్ల ఆటోలల్ల ఏలాడుకుంట పోవాల్నంటే పోత. కాని నావల్ల కరాబైందంటే మాత్రం ఊకోను" అంది. ఆ పొద్దున్నే తాళంచెవి బావ చేతిలో పెట్టింది. "నువ్వే నడుపు, మా బడి దాకా. క్లచ్చి మీద కాలు పెట్టకుండ."

సాక్షిగా నేను వెనక కూర్చున్నాను. ఊరు దాటి కొంత దూరం పోయాక ముల్లు కదిలింది. "బామ్మర్దీ, నీ బరువు గూడ ఉన్నది గదా" అన్నాడు బావ. ఇంకాస్త పోయాక బుస్సుమని పొగ. బండి ఆపి బానెట్ ఎత్తాడు. కుతకుత ఉడికిన నీళ్ళు పొంగి ముందుభాగమంతా కారుతున్నాయి. ఆ ఆవిరిలోంచి ఒక వాసన వచ్చింది. చిన్నప్పుడు ఎడ్ల కోసం పెద్ద గంజులో పొయ్యి మీద పెడితే వచ్చే వాసనే. అక్క వంగి మరోసారి పీల్చింది.

"ఉలవలు ఉడుకుతున్నయ్" అంది. బావ బానెట్ దించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ అన్న కల్లం యాడ పెట్టిండు?"

"రోడ్డు మీద. అందరు గట్లనే పెడ్తరు."

"ఏ బండితోని తొక్కించిండు?"

బావ మామిడితోటల వైపు చూశాడు. "ఆ దారిల బండ్లెక్కువ రావు. అన్న జర సాయం పట్టుమన్నడు. ఆదివారం ఆదివారం అటిటు చక్కర్లు కొట్టిన. ఉలవలకు, ఇంజన్‌కు ఏం సంబంధం?"

"మరి ఇన్నొద్దులు చెప్పొద్దా బావా?" అని అరిచాను.

"ఎవరడిగిండ్రు?" అన్నాడు.

దేవుడా! ఇంజన్ చల్లారాక అక్క జడలోంచి పిన్ను తీసి, ముందున్న ఏసీ జాలీకి, వెనక రేడియేటర్‌కు మధ్య సందులో గుచ్చి లాగింది. ఉలవ పొట్టు పరుపులా అట్టకట్టి ఊడివచ్చింది. గాలి దూరే సందు లేక, దూరం పోయినప్పుడల్లా పాపం ఆ బండి ఉడికిపోయింది. దొరికిన పుల్లలన్నిటితో ముగ్గురం గీకాం. నీళ్ళు పోశాక అక్క తాళంచెవి కోసం చెయ్యి చాపింది. "ఎనక కూసో" అంది. బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బడి దాకా పోయి, తిరిగి ఇంటికొచ్చేదాకా ముల్లు సగం దాటలేదు. పెబ్బేరు వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు.

అక్క ఇప్పటికీ ఆ కారులోనే బడికి పోతోంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర రోడ్డు మీది పెద్దమ్మ సంగతి చెబితే, బావ తలెత్తకుండా, "తొక్కిస్తే ఏంది? పొద్దుగూకేలోపల రాలిపోతయ్" అన్నాడు. అక్క ఆయన కంచంలో మరో గరిటెడు ఉలవచారు పోసింది. నిజమే, ఉలవలు రాలడానికి ఒక్క పూట చాలు. 'తప్పు నాదే' అనే మాట రాలడానికే మా బావ నోటికి ఇన్నేళ్ళు చాలలేదు.